కొల్లేరు నోట్‌బుక్ ఎవరు రాస్తారు? మంచినీటి మీద క్లైమేట్ రీసెర్చ్‌కి దారులు

టాపిక్‌లోకి వెళ్ళేముందు మీకొక సీన్ చెప్తాను.

కైకలూరు వైపు ఒక చేపల చెరువు. తెల్లవారుజామున నాలుగున్నర. ముందురోజంతా మబ్బు పట్టి ఉంది, రాత్రంతా ఉక్క. కాపలా మనిషి గట్టు మీద నడుస్తూ టార్చ్ వేసి చూశాడు. చేపలన్నీ నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయి. వెంటనే రైతుకి ఫోన్ చేశాడు. "డీవో పడిపోయిందండీ, ఏరియేటర్లు వేసేస్తున్నా."

డీవో అంటే డిజాల్వ్‌డ్ ఆక్సిజన్, నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్. ఆక్వా ఏరియాలో పుట్టినవాళ్ళకి ఈ మాట కొత్తేం కాదు. బీపీ, షుగర్ లాగా అక్కడ డీవో అనేది ఇంట్లో మాట.

ఇప్పుడు ఆ చెరువు పక్కనే ఉన్న కొల్లేరు గురించి ఆలోచించండి. అక్కడ కూడా అదే రాత్రి, అదే ఉక్క. కానీ సరస్సులో ఏరియేటర్ లేదు. టార్చ్ వేసి చూసేవాడు లేడు. నాలుగున్నరకి డీవో ఎంత ఉందో రాసుకునేవాడూ లేడు. ఈరోజు మన టాపిక్ ఇదే. వాతావరణం మారుతుంటే మంచినీటి చెరువులు, సరస్సులు, వాగుల్లో ఏం జరుగుతోంది? దాన్ని స్టడీ చెయ్యడానికి మనలాంటి వాళ్ళకి ఏం అవకాశాలున్నాయి? ఫెలోషిప్‌లు, ఇన్‌స్టిట్యూట్‌లు అన్నీ చెప్తాను. కానీ లిస్ట్ కంటే ముందు, అసలు అవకాశం ఎక్కడుందో చూద్దాం.

ముందు కొంచెం సైన్స్.

నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్‌ని పట్టి ఉంచుకోలేవు. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకి వచ్చేసరికి అది ఏడున్నర దగ్గరికి పడిపోతుంది. ఇంకోపక్క, చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. నీరు పది డిగ్రీలు పెరిగితే చాలా జీవుల్లో ఆక్సిజన్ వాడకం దాదాపు రెట్టింపవుతుంది. అంటే సప్లై తగ్గుతోంది, డిమాండ్ పెరుగుతోంది. పగలు నాచు, మొక్కలు ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తాయి. రాత్రి అవి కూడా వాడుకునేవే. అందుకే తెల్లవారే ముందు డీవో అన్నిటికంటే తక్కువుంటుంది. మబ్బు రోజైతే పగలు చేసిన స్టాకే తక్కువ. మన కాపలా మనిషి చూసింది అదే.

ఇది అన్ని చేపలకీ ఒకేలా ఉండదు. కొర్రమేను పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు, తట్టుకుంటుంది. బొచ్చె, శీలావతి అలా బతకలేవు. కాబట్టి నీరు వేడెక్కితే "చేపలు తగ్గుతాయి" అనేసి ఊరుకుంటే కుదరదు. ఏ చేప మిగులుతుంది, ఏది పోతుంది, దాన్ని పట్టి అమ్ముకునే కుటుంబం ఏమవుతుంది అన్నవి అసలు ప్రశ్నలు.

ఇంకో విషయం. భూమి ఉపరితలంలో మంచినీరు ఉన్న భాగం ఒక శాతం కూడా లేదు. కానీ ప్రపంచంలో తెలిసిన చేప జాతుల్లో సగం దాకా ఆ కొంచెం నీళ్ళలోనే ఉన్నాయి. లివింగ్ ప్లానెట్ రిపోర్ట్ 2024 లెక్క ప్రకారం, వాళ్ళు గమనిస్తున్న మంచినీటి జంతువుల సంఖ్య 1970 నుంచి 2020 మధ్య సగటున 85 శాతం పడిపోయింది. అడవుల్లో కంటే, సముద్రంలో కంటే ఎక్కువ. పులి గురించి మనకు తెలిసినంత, మన ఊరి చెరువు గురించి తెలియదు. నిజం కదా?

ఇప్పుడు కొల్లేరుకి వద్దాం.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య లోతు తక్కువున్న పెద్ద పళ్ళెం లాంటిది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు దీంట్లో కలుస్తాయి. ఉప్పుటేరు ద్వారా నీళ్ళు బంగాళాఖాతంలోకి పోతాయి. వరద వస్తే పట్టి ఉంచి, మెల్లగా వదిలే సరస్సు ఇది. 1999లో +5 అడుగుల కాంటూర్ వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ సైట్ అయింది, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల లిస్ట్‌లోకి ఎక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. +5ని +3కి తగ్గించాలన్న డిమాండ్ ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది. అటు సరస్సు, ఇటు దాని మీద బతికే వేల కుటుంబాలు. చిన్న గొడవ కాదు ఇది.

ఈ గొడవలో ఒక ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. కొల్లేరు మారిపోయింది సరే, దేనివల్ల? చేపల చెరువుల వల్లా? పట్టణాల మురుగు వల్లా? పైనుంచి నీళ్ళు తగ్గడం వల్లా? ఉప్పుటేరు గుండా సముద్రం నీళ్ళు ఎగదన్నడం వల్లా? వేడి పెరగడం వల్లా? అన్నీ కలిసి జరుగుతున్నప్పుడు విడదీసి చెప్పాలంటే, ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఏళ్ళ తరబడి తీసిన రీడింగ్స్ కావాలి. అవి లేకపోతే ఎవరికి నచ్చిన కారణం వాళ్ళు చెప్తారు. గొంతు పెద్దదైనవాడిదే మాట అవుతుంది. నష్టపోయేది గొంతు లేనివాళ్ళు.

ప్రపంచంలో ఇలాంటి రీడింగ్స్ ఉన్నచోట ఏం తెలిసిందో చూడండి. 2015లో వచ్చిన ఒక స్టడీలో 235 సరస్సులు చూశారు. ఉపరితల నీరు సగటున పదేళ్ళకి 0.34 డిగ్రీల చొప్పున వేడెక్కుతోందని తేలింది. 2021లో 393 సరస్సుల మీద ఇంకో స్టడీ వచ్చింది. 1980 తర్వాత పైనీళ్ళలో ఆక్సిజన్ 5 శాతానికి పైగా, లోతు నీళ్ళలో 18 శాతానికి పైగా తగ్గిందని చెప్పింది. గొప్ప పనులే. కానీ ఆ లిస్టుల్లో ఎక్కువ భాగం చలి దేశాల సరస్సులే. మన లాంటి వేడి దేశాల, లోతు తక్కువున్న చెరువుల డేటా చాలా తక్కువ. ఆ ఖాళీలోనే మీ అవకాశం ఉంది.

దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ సైబీరియాలోని బైకాల్ సరస్సు. 1945లో మిఖాయిల్ కొజోవ్ అనే ప్రొఫెసర్ వారం పది రోజులకోసారి ఆ సరస్సులో నీళ్ళ శాంపిల్ తియ్యడం మొదలుపెట్టారు. ఉష్ణోగ్రత, నీటి స్వచ్ఛత, సూక్ష్మజీవులు, ఇంతే. చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీద కూడా ఆపలేదు. ఆయన తర్వాత కూతురు ఓల్గా అందుకున్నారు. ఆమె తర్వాత మనవరాలు ల్యుబోవ్. మూడు తరాలు. 2008లో ఆ అరవై ఏళ్ళ రికార్డుని అమెరికా సైంటిస్టులతో కలిసి పబ్లిష్ చేస్తే, బైకాల్ నీళ్ళు 1946 నుంచి 1.2 డిగ్రీలు వేడెక్కాయని తేలింది. మొదలుపెట్టినప్పుడు కొజోవ్ గారు క్లైమేట్ ఛేంజ్ కోసం రాయలేదు. సరస్సుని తెలుసుకోవాలని రాశారు, అంతే. ఆ నోట్‌బుక్ లేకపోతే తర్వాత ఎంత డబ్బు పెట్టినా 1946 నాటి రీడింగ్ దొరికేది కాదు. మిషన్ ఎప్పుడైనా కొనొచ్చు, గడిచిపోయిన సంవత్సరాన్ని కొనలేం.

సరే, మన దగ్గర ఏం స్టడీ చెయ్యొచ్చు? నాలుగు ప్రశ్నలు చెప్తాను. ఒక్కోటి ఒక్కో రకం చదువుకి సరిపోతుంది.

ఒకటి, రాత్రి వేడి. రాత్రి ఉష్ణోగ్రత పెరిగితే తెల్లవారుజాము డీవో ఎంత పడుతోంది? జువాలజీ, ఫిషరీస్ వాళ్ళకి ఇది బంగారం లాంటి ప్రశ్న. ఇక్కడ ఒక ఐడియా. చాలామంది ఆక్వా రైతులు డీవో, పీహెచ్ రీడింగ్స్ పుస్తకాల్లో రాసుకుంటారు. ల్యాబ్‌ల వాళ్ళ దగ్గర కూడా పాత రికార్డులుంటాయి. అవి సైన్స్ కోసం రాసినవి కాకపోవచ్చు, కానీ డేటానే. రైతుల అనుమతి తీసుకుని, పేర్లు బయటపెట్టకుండా వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, అదే ఒక మంచి ఎమ్మెస్సీ ప్రాజెక్ట్.

రెండు, ఉప్పు. వేసవిలో పైనుంచి నీళ్ళు రాకపోతే ఉప్పుటేరు గుండా ఉప్పునీరు వెనక్కి వస్తుంది. ఇందులో సముద్రమట్టం పెరగడం వాటా ఎంత, మంచినీరు తగ్గడం వాటా ఎంత? కెమిస్ట్రీ, సివిల్, జియాలజీ వాళ్ళు దీన్ని పట్టుకోవచ్చు. ఉప్పు పెరిగితే ఆక్సిజన్ ఇంకా తక్కువ కరుగుతుంది. అంటే ఈ ప్రశ్న మొదటిదానికి కూడా తగులుతుంది.

మూడు, వాన. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమని పట్టగలదు. అందుకే కురిస్తే కుండపోతగా కురుస్తోంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడని ముంచింది, అందరం చూశాం. ఆ బుడమేరు చివరికి చేరేది కొల్లేరుకే. ఒక్క వరదలో ఎంత మట్టి, ఎంత ఎరువు, ఎంత చెత్త సరస్సులోకి చేరుతుంది? ఆ తర్వాత నెలల్లో గుర్రపుడెక్క ఎలా పెరుగుతుంది? భారత వాతావరణ శాఖ దగ్గర 1901 నుంచి వర్షపాతం డేటా ఉంది. దాన్ని వాడుకోవచ్చు.

నాలుగు, పైనుంచి చూడటం. ఇది బీటెక్ కంప్యూటర్స్ వాళ్ళకి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల ఫోటోలు 1972 నుంచి ఉన్నాయి, ఫ్రీగా దొరుకుతాయి. సెంటినెల్-2 ఫోటోలు 2015 నుంచి, 10 మీటర్ల వివరంతో వస్తాయి. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌ని చదువు కోసం, రీసెర్చ్ కోసం ఫ్రీగా వాడుకోవచ్చు. మన ఇస్రో వాళ్ళ భువన్ ఉంది. కొల్లేరులో నీళ్ళెంత, చెరువులెంత, గుర్రపుడెక్క ఎంత అని ఏడాదికేడాది మ్యాప్ చెయ్యొచ్చు. తెలంగాణ ఫ్రెండ్స్, మీకు కాకతీయుల కాలం నుంచి ఉన్న గొలుసుకట్టు చెరువులున్నాయి. పాకాల చెరువు ఏ నెలలో నిండుతోంది, ఏ నెలలో ఎంత తగ్గుతోంది అన్న ఒక్క ప్రశ్న చాలు, మొదలుపెట్టడానికి. పక్షులంటే ఇష్టమున్నవాళ్ళు ఆటపాక వెళ్ళి పెలికాన్‌లు ఎప్పుడు గూళ్ళు కడుతున్నాయో ఈబర్డ్ యాప్‌లో నమోదు చెయ్యండి. ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ ప్రతి జనవరిలో జరుగుతుంది, మామూలు వాలంటీర్లు కూడా చేరొచ్చు.

ఇప్పుడు మీరు ఎదురుచూస్తున్న భాగం. దారి ఏంటి, డబ్బు ఏంటి?

డిగ్రీలో ఉన్నవాళ్ళకి మొదటి మెట్టు సమ్మర్ ఫెలోషిప్. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి. సెలెక్ట్ అయితే సెలవుల్లో ఒక సైంటిస్ట్ దగ్గర రెండు నెలలు పని. స్టైపెండ్ ఇస్తారు. మీ కాలేజీ చిన్నదా పెద్దదా అని ఆలోచించకుండా అప్లై చెయ్యండి.

పీజీ తర్వాత అసలు గేట్ జేఆర్‌ఎఫ్. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో లైఫ్ సైన్సెస్ ఉంది, ఎర్త్ సైన్సెస్ ఉంది. యూజీసీ నెట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ ఉంది. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకి 37,000, రెండేళ్ళ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ అయితే 42,000. ఇవి 2023లో పెంచిన రేట్లు. పైన ఇంటి అద్దె అలవెన్స్ ఉంటుంది. ఎమ్మెస్సీలో యూనివర్సిటీ ఫస్ట్ వచ్చినవాళ్ళు ఇన్‌స్పైర్ ఫెలోషిప్ చూడండి. ఫిషరీస్ వాళ్ళకి ఐకార్ పరీక్షలు వేరే ఉంటాయి. నెట్ రాకపోతే అయిపోయినట్టు కాదు. ఇన్‌స్టిట్యూట్‌లలో ప్రాజెక్ట్ అసోసియేట్, ఫీల్డ్ అసిస్టెంట్ పోస్టులు పడుతుంటాయి. ఏడాది రెండేళ్ళు అక్కడ పని నేర్చుకుని పీహెచ్‌డీకి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఎక్కడికి వెళ్ళాలి? దగ్గర్లోనే చూడండి. కాకినాడలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైడ్రాలజీ వాళ్ళ డెల్టా సెంటర్ ఉంది. విజయవాడలో మంచినీటి ఆక్వా పరిశోధన సంస్థ సీఫా ప్రాంతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో ఉపగ్రహ డేటాకి ఎన్‌ఆర్‌ఎస్‌సీ, జన్యువుల పనికి సీసీఎంబీ. నీళ్ళలో రాలిన డీఎన్‌ఏ బట్టి అక్కడ ఏ జీవులున్నాయో చెప్పే ఈ-డీఎన్‌ఏ పద్ధతి మీద సీసీఎంబీ వాళ్ళు పనిచేస్తున్నారు. ఒక సీసా నీళ్ళు చాలు, వల వెయ్యక్కర్లేదు. ఇంకా ఆంధ్ర, నాగార్జున యూనివర్సిటీలు, ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ. రాష్ట్రం దాటితే బెంగళూరులో ఐఐఎస్‌సీ, ఏట్రీ. బెంగాల్‌లో బారక్‌పూర్ సిఫ్రి, అది నదులు, చెరువుల చేపల మీద దేశంలో పాత సంస్థ.

బయటి దేశాలకి వెళ్ళాలనుకునేవాళ్ళు ఒక మాట గుర్తుపెట్టుకోండి, లిమ్నాలజీ. మంచినీటి సరస్సుల శాస్త్రం పేరు అది. వెతికేటప్పుడు ఈ మాట కొడితేనే సరైన కోర్సులు వస్తాయి. అమెరికాలో విస్కాన్సిన్-మాడిసన్, జర్మనీలో బెర్లిన్ ఐజీబీ, స్విట్జర్లాండ్‌లో ఇయావాగ్ ఈ ఫీల్డ్‌లో పెద్ద పేర్లు. కెనడాలోని ఎక్స్‌పెరిమెంటల్ లేక్స్ ఏరియాలో అయితే ఏకంగా మొత్తం సరస్సు మీదే ప్రయోగాలు చేస్తారు. అమెరికాలో సైన్స్ పీహెచ్‌డీలకి మామూలుగా ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి. కాబట్టి లక్షలు అప్పు చేసి మాస్టర్స్‌కి పోయేముందు, డైరెక్ట్ పీహెచ్‌డీ కుదురుతుందేమో చూడండి.

చేదు నిజాలు కూడా చెప్పాలి. పీహెచ్‌డీ అంటే అయిదేళ్ళు పట్టొచ్చు. ఫెలోషిప్ డబ్బు కొన్నిసార్లు నెలల తరబడి లేటవుతుంది. ప్రాజెక్ట్ పోస్టులకి గ్యారంటీ లేదు. ఇంట్లో "ఇంకా చదువేనా?" అంటారు. ఆ మాటకి మీ దగ్గర జవాబు ఉండాలి. ఇంకొకటి, డబ్బు కట్టించుకుని ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తాం, వారంలో పేపర్ పబ్లిష్ చేస్తాం అనేవాళ్ళ దగ్గరికి పోకండి. మంచి ల్యాబ్‌లో ఎవరూ వాటికి విలువ ఇవ్వరు.

మరి విలువ దేనికుంటుంది? మీరు సొంతంగా తీసిన డేటాకి. ఇదిగో, ఈ వారమే మొదలుపెట్టగలిగిన పని.

పాత స్టీల్ పళ్ళెం ఒకటి తీసుకోండి. నాలుగు భాగాలు చేసి తెలుపు, నలుపు, తెలుపు, నలుపు పెయింట్ వెయ్యండి. మధ్యలో రంధ్రం పెట్టి, బరువు కట్టి, తాడుకి ప్రతి 10 సెంటీమీటర్లకి గుర్తు పెట్టండి. దీన్ని సెక్కి డిస్క్ అంటారు. 1865లో ఇటలీలో ఒక ఫాదర్ తయారుచేశారు, ఇప్పటికీ సైంటిస్టులు వాడుతున్నారు. నీళ్ళలోకి దించుతూ కనపడకుండా పోయే లోతు రాసుకోండి. నీరు ఎంత స్వచ్ఛంగా ఉందో అదే చెప్తుంది. దాంతోపాటు ఒక డిజిటల్ థర్మామీటర్, ఒక టీడీఎస్ మీటర్. వారానికోసారి, అదే చోట, అదే టైమ్‌కి. తేదీ, టైమ్, వేడి, టీడీఎస్, సెక్కి లోతు, మబ్బా ఎండా, ఒక ఫోటో. నోట్‌బుక్‌లోనూ రాయండి, ఫోన్‌లో షీట్‌లోనూ ఎక్కించండి. మిస్సయిన వారం ఉంటే ఖాళీగా వదిలెయ్యండి, ఊహించి నింపొద్దు. అది మొదటి రూల్.

జాగ్రత్తలు కూడా వినండి. ఒంటరిగా వెళ్ళొద్దు, నీళ్ళలోకి దిగొద్దు. రేవు మెట్ల మీద నుంచో, వంతెన మీద నుంచో తియ్యండి. ప్రైవేట్ చెరువైతే యజమానిని అడగండి. అభయారణ్యం లోపలైతే అటవీ శాఖ పర్మిషన్ తప్పనిసరి.

ఇరవై వారాలయ్యాక ఒక గ్రాఫ్ గీయండి. అప్పుడు ఒక సైంటిస్ట్‌కి మెయిల్ రాయండి. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్" అని వందమందికి ఒకే మెయిల్ కాదు. "మీ ఫలానా పేపర్ చదివానండి. మా ఊరి చెరువులో ఇరవై వారాల రీడింగ్స్ తీశాను, గ్రాఫ్ జత చేశాను. వాన తర్వాత సెక్కి లోతు సగానికి పడింది, తిరిగి పెరగడానికి నాలుగు వారాలు పట్టింది. ఎందుకో తెలుసుకోవాలనుంది." మీరు చూసింది ఏదైతే అది, ఇలా నాలుగు లైన్లలో రాయండి. ఇలాంటి మెయిల్‌కి అందరూ రిప్లై ఇస్తారని చెప్పను. కానీ ఇచ్చేవాళ్ళు దీనికే ఇస్తారు.

ఆఖరుగా ఒక్క మాట. కొల్లేరు గురించి ఇంకో పదేళ్ళకి మళ్ళీ ఎవరో ఒక నిర్ణయం తీసుకుంటారు. చెరువులా, సరస్సా, ఎంత కాంటూర్, ఎవరికి నష్టపరిహారం. ఆ రోజు బల్ల మీద పదేళ్ళ రీడింగ్స్ ఉంటాయా, లేక మళ్ళీ మాటలేనా? ఆ రీడింగ్స్ మొదలుపెట్టేవాళ్ళు ఇప్పుడు ఈ వీడియోని ఫోన్‌లో చూస్తున్న వయసువాళ్ళే అవ్వాలి. వేరే ఎవరూ లేరు.

మీ ఊరి చెరువు పేరు, మొదటి రీడింగ్ కామెంట్‌లో పెట్టండి. ఆరు నెలల తర్వాత అవన్నీ కలిపి ఒక ఎపిసోడ్ చేద్దాం. అప్పటిదాకా సెలవు, నమస్తే.